అటక మీది లినక్స్ దోస్తు

దసరాకు దేవరకొండ దగ్గర మా ఊరికి వెళ్తే అమ్మ అటక సర్దమంది. ఇత్తడి బిందెల వెనక పాత చీరలో చుట్టిన మూట కనిపించింది. విప్పితే నా నెట్‌బుక్! ఏసర్ ఆస్పైర్ వన్. బీటెక్ ఫస్టియర్‌లో మూత మీద అంటించిన పెంగ్విన్ స్టిక్కర్ ఇంకా ఊడలేదు.

ఇప్పటి పిల్లలకు నెట్‌బుక్ అంటే తెలియకపోవచ్చు. 2007లో ఏసూస్ ఈ-పీసీతో ఊపందుకున్న బుల్లి ల్యాప్‌టాప్‌లు అవి. ధర తగ్గించడానికి చాలావాటిలో విండోస్ బదులు లినక్స్ వేసి అమ్మారు. నాదీ అలాంటిదే. 8.9 అంగుళాల స్క్రీన్, ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజీ. ఇప్పుడు నా ఫోన్ ర్యామే దానికి పన్నెండింతలు.

నిజానికి అది మా అన్నది. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ అయ్యాక ఉద్యోగాల వేట కోసమని 2009లో కొన్నాడు. 2015లో నేను బీటెక్‌లో చేరేటప్పటికి కొత్త ల్యాప్‌టాప్‌కు ఇంట్లో పైసల్లేవు. అన్న ఏమీ మాట్లాడకుండా దాన్ని నా బ్యాగులో పెట్టాడు. హాస్టల్లో "గిది క్యాలిక్యులేటరారా?" అని ఒకటే నవ్వులు. ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌తో లుబుంటు 14.04 వేసిచ్చాడు. అన్న ఫైళ్లను మాత్రం ఒక ఫోల్డర్‌లో దాచమన్నాను.

నాకు లినక్స్ నేర్పింది ఆ 8 జీబీయే. సిస్టమ్ పోగా మిగిలేది సగమే, వారానికోసారి డిస్క్ ఫుల్. 'డీఎఫ్' కొట్టి ఎంత నిండిందో చూడాలి, 'డీయూ'తో ఏ ఫోల్డర్ మింగుతోందో పట్టుకోవాలి. ఒకసారి పెద్ద లాగ్ ఫైల్ డిలీట్ చేసినా జాగా పెరగలేదు. రీస్టార్ట్ చేస్తే పెరిగింది! రెండు రోజులు తల పట్టుకుంటే అసలు సంగతి తెలిసింది. ఏదైనా ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ను తెరిచి ఉంచితే, మనం డిలీట్ చేసినా ఆ ప్రోగ్రామ్ వదిలేదాకా జాగా తిరిగి రాదు.

2019లో ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగారు: "సర్వర్‌లో డిస్క్ నిండింది. లాగ్ తీసేసినా తగ్గలేదు. ఏం చేస్తావ్?" నాకు నవ్వాగలేదు. 'ఎల్ఎస్ఓఎఫ్' కమాండ్‌తో ఆ ఫైల్‌ను ఎవరు పట్టుకున్నారో చూసి, ఆ సర్వీస్‌ను రీస్టార్ట్ చేస్తానన్నాను. ఉద్యోగం వచ్చింది.

అట్లని లేమి మంచిదని చెప్పను. బ్రౌజర్‌లో మూడో ట్యాబ్ తెరిస్తే మెషీన్ బిగుసుకుపోయేది. ఆన్‌లైన్ టెస్టులున్నప్పుడల్లా దోస్తుల ల్యాప్‌టాప్ అడుక్కునేవాణ్ని. అది ఇప్పటికీ గుచ్చుతుంది.

ఛార్జర్ పెడితే ఆన్ అయింది, బ్యాటరీ మాత్రం చచ్చింది. తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది. అందుకే ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోలేదు. సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లకు గడువుంటుంది, గడియారం తప్పితే బ్రౌజర్ వాటిని నమ్మదు.

కొత్త లినక్స్ వేద్దామంటే ఈ ప్రాసెసర్ 32 బిట్‌ది. 32 బిట్ డెస్క్‌టాప్ కాపీలను ఉబుంటు 2017లోనే ఆపేసింది. 2025లో వచ్చిన డెబియన్ 13లోనూ 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. యాంటీఎక్స్ 23లో ఇంకా ఉంది. మీ ఇంట్లోనూ పాత మెషీన్ ఉంటే ముందు టెర్మినల్‌లో 'ఎల్ఎస్‌సీపీయూ' కొట్టి చూడండి. 64 బిట్ అని వస్తే తిప్పలు చాలా తగ్గినట్టే.

ఫార్మాట్ చేసే ముందు అన్న ఫోల్డర్ తెరిచాను, ఇన్నేళ్లలో మొదటిసారి. పద్నాలుగు రెజ్యూమ్‌లు. కంప్యూటర్ ఆపరేటర్, డీటీపీ, డేటా ఎంట్రీ... ఒక్కో ఉద్యోగానికి ఒక్కోటి. చివరిది 2012ది. ఇప్పుడు అన్నకు ఎరువుల దుకాణం ఉంది.

ఫోన్ చేశాను. "ఏందిరా, అదింకా నడుస్తుందా?" అన్నాడు. ఫైళ్లేం చేయాలని అడిగితే, "తీసెయ్‌రా, ఇంకెందుకవి? మెషీన్ పంపు, బిడ్డకు టైపింగ్ నేర్పిస్త."

యాంటీఎక్స్ వేసి పంపాను. రెజ్యూమ్‌లు మాత్రం నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి.