పాత సర్వీసు రివాల్వర్‌ను గుర్తించడం

వస్తువు కూడా చారిత్రక ఆధారమే. ఉమ్మడి నల్గొండ జిల్లాలోని తిరుమలగిరి ప్రాంతం 1946–51 తెలంగాణ సాయుధ పోరాటాన్ని దగ్గరగా చూసింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో అమరుడయ్యాడు. అందువల్ల ఈ ప్రాంతంలో ఏ పాత రివాల్వర్ కనిపించినా "పోరాటం నాటిది" అనుకోవడం సహజం. ఆ మాటను వస్తువుతోనే సరిచూడాలి. ఇందుకు మూడు మెట్లున్నాయి.

1. నమూనా: బ్రిటిష్ సైన్యం వెబ్లీ మార్క్ 1ను 1887లోనూ, మార్క్ 6ను 1915లోనూ స్వీకరించింది. రెండూ .455 రకమే. మార్క్ 1కు పొట్టి గొట్టం, గుండ్రటి పిడి ఉంటాయి. మార్క్ 6కు సాధారణంగా 6 అంగుళాల గొట్టం, అడుగున చదునైన పిడి ఉంటాయి. కాబట్టి మార్క్ 6ను చూపి "మా ముత్తాత 1900లో వాడాడు" అంటే ఆ కథనం నిలవదు.

2. ముద్రలు: బాణం గుర్తు ప్రభుత్వ ఆస్తికి చిహ్నం. దానితో 'ఐ' అనే ఆంగ్లాక్షరం ఉంటే అది భారత ప్రభుత్వ ఆయుధం. మొనలు ఎదురెదురుగా రెండు బాణాలుంటే సైన్యం దానిని అమ్మివేసిందని అర్థం.

3. తూటా గది: పేరులోని అంకెను నమ్మరాదు. 1932లో వచ్చిన ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 తూటా, .38 స్పెషల్ తూటా రెండింటినీ ".38" అనే అంటారు. కాని రెండవది పొడవైనది, కొంచెం సన్ననిది. అలాగే కొన్ని .455 వెబ్లీల సిలిండర్ వెనుక భాగాన్ని అరగదీసి .45 ఆటో తూటాలకు అనువుగా మార్చారు. ఇది తరువాత చేసిన మార్పు, అరుదైన రకం కాదు. నిజంగా అరుదైనదానికి ఉదాహరణ ఎనిమిది గదుల .38 వెబ్లీ-ఫాస్బరీ. దాని సాధారణ .455 రూపానికి ఆరు గదులే.

హెచ్చరిక: ఇంట్లో పాత రివాల్వర్ దొరికితే పేల్చి చూడకండి, విప్పకండి. పోలీసులకు తెలపండి. మరమ్మతు చేసినా పనిచేయని పురాతన ఆయుధానికే 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. పనిచేస్తుందో లేదో నిపుణులే తేల్చాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: అరుదైన రకానికి, తరువాత మార్చిన ఆయుధానికి గల తేడాను ఒక ఉదాహరణతో వివరించండి.