ఒక రోజు, ఒకే దారి: పుదుచ్చేరి నుంచి బస్సులో

యానాం వాళ్ల రాజధాని 800 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, తమిళ తీరాన ఉంది. పనిమీద వచ్చిన యానాం వాళ్లయినా, సరదాగా వచ్చిన మిగతా తెలుగువాళ్లయినా పుదుచ్చేరిలో చూసేవి దాదాపు ఒకటే: బీచ్ రోడ్డు, అరవిందాశ్రమం, ఫ్రెంచి వీధులు. ఇంకో రోజు చేతిలో ఉంటే కారు మాట్లాడుకోనక్కర్లేదు. పొద్దున్నే మరైమలై అడిగళ్ రోడ్డులోని బస్టాండుకు వెళ్తే సరి.

వెళ్లేముందు ఊళ్లు లెక్కపెట్టుకోకుండా దారి తేల్చుకోవాలి. ఉత్తరాన ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం, దక్షిణాన కడలూరు మీదుగా చిదంబరం, పడమట విల్లుపురం, వాయవ్యాన తిండివనం. రోజుకు ఒక్క దారే. పొద్దున చిదంబరం, సాయంత్రం మహాబలిపురం అనుకుంటే రోజంతా బస్సు సీట్లోనే గడిచిపోతుంది.

తెలుగువాళ్లకు అన్నిటికన్నా గిట్టుబాటయ్యేది తిండివనం దారి. తిరువణ్ణామలై బస్సు ఎక్కితే సుమారు 70 కిలోమీటర్ల దగ్గర జింజి కోట వస్తుంది. కండక్టరుకు మాత్రం ‘సెంజి’ అనే చెప్పాలి, బోర్డు మీదా అదే ఉంటుంది. ఊరి బస్టాండు నుంచి కోటకు ఆటోలో కాసేపే.

కోట అంటే మూడు కొండలు, వాటిని చుట్టిన గోడలు. అన్నిటికన్నా ఎత్తయినది రాజగిరి. కొండంతా ఒకదానిమీద ఒకటి ఎక్కిన బండరాళ్లే. శిఖరం దగ్గర ఒక లోతైన చీలిక అడ్డొస్తుంది. చిన్న వంతెన దాటితేనే పైకి దారి. ఎండ ముదరకముందే ఎక్కాలి, నీళ్లు వెంట ఉండాలి. విజయనగర కాలం నుంచి నాయకులు ఏలిన ఈ కోటలో శివాజీ కొడుకు రాజారాం ఏళ్ల తరబడి మొగలుల ముట్టడిని కాచుకున్నాడు. 1750లో ఫ్రెంచివాళ్ల తరఫున దీన్ని పట్టినవాడు బుస్సీ. ఏడేళ్ల తర్వాత బొబ్బిలి మీదకు ఫిరంగులతో వచ్చింది ఆయనే. 2025లో యునెస్కో మరాఠా సైనిక కోటలతో పాటు జింజినీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కోట దిగాక ఓపిక ఉంటే అదే దారిలో ఇంకో గంట పైన ప్రయాణిస్తే తిరువణ్ణామలై, అంటే మన అరుణాచలం. రమణాశ్రమం చెంతకు 1950లో చేరిన రచయిత చలం, 1979లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. పౌర్ణమి నాడు గిరి ప్రదక్షిణ జనంతో బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. ప్రదక్షిణకే వెళ్తే తప్ప ఆ రోజు మానుకోవడం మేలు.

కొండలెక్కలేనివాళ్లకు దక్షిణపు దారి ఉంది. కడలూరు బస్సులో కొద్ది కిలోమీటర్లకే అరియాన్‌కుప్పం. ఆ పక్కనే అరికమేడు. 1945లో మోర్టిమర్ వీలర్ తవ్వకాల్లో రోమన్ మట్టిపాత్రల ముక్కలు బయటపడిన చోటు. ఇప్పుడు చూడ్డానికి పెద్దగా ఏమీ మిగల్లేదు కాబట్టి దానికి గంట చాలు. చిదంబరం అయితే పొద్దున్నే చేరాలి. మధ్యాహ్నం గుడి మూస్తారు. ఆ వేళలో పిచ్చావరం మడ అడవుల్లో పడవెక్కొచ్చు.

రైలంటే ఇష్టమున్నవాళ్లకు 1879లో వేసిన విల్లుపురం లైను ఉంది. కానీ రైళ్లు తక్కువ, వేళ చూసుకోవాలి. బస్సుకు ఆ బెంగ లేదు. దిగేటప్పుడే ‘తిరిగి పాండిచ్చేరికి ఆఖరి బస్సు ఎప్పుడు?’ అని కండక్టర్ని అడిగి, దానికి ముందు బస్సే ఎక్కాలి. ఆఖరిది తప్పిపోతే పొదుపు చేసిన కారు బాడుగ కాస్తా లాడ్జి గదికి పోతుంది.