బార్కస్‌లో అసర్ ముందే అవుతుంది

హైదరాబాద్ పాతబస్తీ మసీదుల్లో చాలావాటిలో మధ్యాహ్నం తర్వాత చేసే అసర్ నమాజుకు ఇంకా వేళ కాకముందే, చాంద్రాయణగుట్ట దాటాక వచ్చే బార్కస్ బస్తీలో ఆ నమాజు అయిపోతుంది. తేడా గడియారాల్లో లేదు, నీడను కొలిచే లెక్కలో ఉంది.

హైదరాబాద్ సున్నీల్లో ఎక్కువమంది హనఫీలు. ఒక వస్తువు నీడ దాని పొడవుకు రెండింతలయ్యాక వారికి అసర్ మొదలవుతుంది. బార్కస్ అరబ్బులు మరో సున్నీ ధర్మశాస్త్ర శాఖ అయిన షాఫయీలు. వీరికి నీడ ఒక్కింతైతే చాలు. మిట్టమధ్యాహ్నం ఉండే నీడను రెండు లెక్కల్లోనూ మినహాయిస్తారు. మే నెలలో హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచే రోజున మినహాయించడానికి నీడంటూ ఉండదనుకోండి! కాలాన్నిబట్టి ఈ రెండు వేళల మధ్య ముప్పావు గంట నుంచి గంటకు పైగా ఎడం ఉంటుంది.

బార్కస్ మసీదుల లోపలా కొన్ని పద్ధతులు వేరు. ఇమామ్ బిగ్గరగా చదివే నమాజుల్లో, ఖురాన్ తొలి అధ్యాయమైన ఫాతిహా ముగించగానే వెనక వరుసలన్నీ ఒక్కసారిగా గట్టిగా ‘ఆమీన్’ అంటాయి. హనఫీలు అదే మాట లోలోపల అనుకుంటారు. వేకువన చేసే ఫజర్ నమాజు రెండో రకాత్ (ఆవృత్తి)లో రుకూ నుంచి, అంటే నడుము వంచిన భంగిమ నుంచి లేచాక, ఇక్కడివారు చేతులెత్తి ఖునూత్ అనే ప్రార్థన చదువుతారు. హనఫీలకు ఫజర్‌లో అది లేదు. అయినా వీరి వెనక వారు, వారి వెనక వీరు నమాజు చేస్తూనే ఉంటారు.

ఈ పద్ధతులు యెమెన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చాయి. ఎడారి లోయల ఆ నేలలో బతుకుతెరువు తక్కువ. మగవాళ్లు ఓడలెక్కి ఇండోనేసియా దాకా, తూర్పు ఆఫ్రికా దాకా వెళ్లారు. షాఫయీ సంప్రదాయమూ ఆ సముద్రదారుల వెంటే నడిచింది. కేరళ మాప్పిళలు, కర్ణాటకలోని భట్కల్ ముస్లింలు షాఫయీలు కావడం అందుకే. హైదరాబాద్‌కు వచ్చినవాళ్లు మాత్రం సరుకులతో కాదు, కత్తులతో వచ్చారు. నిజాం కొలువులో సిపాయిలయ్యారు. వారి బ్యారక్సులున్న చోటే బార్కస్. ఊళ్లో వారిని చావుష్‌లన్నారు. 19వ శతాబ్దంలో ఈ సిపాయిల నాయకులైన అరబ్ జమేదార్లు నవాబులకే అప్పులిచ్చేంత ఎదిగారు. వారిలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే జమేదారు ఇక్కడ గడించిన సొమ్ముతో తన గడ్డపై ఏకంగా రాజ్యమే కట్టాడు. ముకల్లా రాజధానిగా అతని వంశం 1967 వరకు ఏలింది. దక్కన్ జీతంతో అరేబియాలో వెలసిన సింహాసనం! మన చరిత్ర పుస్తకాల్లో దీనికి ఒక పేరా కూడా దక్కకపోవడం అన్యాయమే.

1948 పోలీసు చర్య తర్వాత కొలువు పోయింది. అనేకమంది అరబ్బులను నిర్బంధించి, ఓడలెక్కించి పంపేశారు. మిగిలినవాళ్లు జామతోటలు, చిన్న వ్యాపారాలు చూసుకున్నారు. బార్కస్ జాంపండుకు నగరంలో ఇప్పటికీ పేరుంది, తోటలే ఇళ్ల స్థలాలైపోయాయి. 1970ల నుంచి గల్ఫ్ దారి తెరుచుకుంది. తాతలు వచ్చిన వైపే మనవలు కూలికి వెళ్లారు.

భాష దక్కనీ ఉర్దూయే అయింది. బట్టల్లో, భోజనంలో అరబ్‌తనం నిలిచింది. మగవాళ్లు రంగురంగుల లుంగీల్లో బజారుకు వస్తారు. పెళ్లిళ్లలో మర్ఫా దరువు మోగితే చిన్నా పెద్దా చిందేస్తారు. గోధుమ, మాంసం కలిసి మెత్తబడేదాకా ఉడికించిన హరీస్ పొద్దుటి ఫలహారం. హైదరాబాదీ హలీంకు మూలం ఇదే. కానీ హలీంలోని మసాలా ఘాటు ఇందులో ఉండదు. ఉప్పగా తినేవారు కొందరు, పైన చక్కెర చల్లుకునేవారు కొందరు. మాంసంపై చక్కెరేమిటని మొహం చిట్లించకండి, నెయ్యి తోడైతే బాగుంటుంది.

రొయ్యల సంగతీ చెప్పాలి. 2018 జనవరిలో హైదరాబాద్‌లోని ఇస్లామీయ విద్యాసంస్థ జామియా నిజామియా రొయ్యలు తినవద్దని ఫత్వా ఇస్తే నగరమంతా చర్చ సాగింది. అది హనఫీల తర్జనభర్జన. సముద్రంలో దొరికేదంతా హలాల్ అనే షాఫయీలకు ఆ పేచీ లేదు.

ఇప్పుడు బార్కస్ అంటే చాలామందికి మండీ హోటళ్లే. పెద్ద పళ్లెం చుట్టూ నలుగురు కూర్చుని తినే ఆ అన్నం జిల్లా కేంద్రాలకూ పాకింది. బోర్డుల మీద బార్కస్ పేరు పెట్టుకున్నవాటిలో ఎన్నింటికి ఈ బస్తీతో చుట్టరికం ఉందో అడక్కండి. పేరు అమ్ముడుపోయింది, మనుషుల కథ మాత్రం ఆ వీధుల్లోనే ఉండిపోయింది.

వెళ్లాలనుకుంటే పొద్దున్నే వెళ్లండి, ముందు హరీస్ తినండి. మసీదు చూడాలనిపిస్తే శుక్రవారం మధ్యాహ్నపు రద్దీ తప్పించి, అక్కడి పెద్దలను అడిగి, చెప్పులు విడిచి లోపలికి వెళ్లండి. నమాజుకే వెళ్లే హనఫీ సోదరులు మాత్రం తమ మొహల్లా టైము నమ్ముకోవద్దు. వారు చేరేసరికి ఇక్కడ అసర్ జమాత్ అయిపోయి ఉంటుంది.