పాచి తినే చేపకి వేషం ఇచ్చే ముందు...

పోస్టరు చూసి సినిమాకి వెళ్ళి నాలుక కరుచుకున్నవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. నేను మూతి చూసి చేపని కొని నాలుక కరుచుకున్నాను!

రెండడుగుల అక్వేరియంలో మొక్కలు నాటి నెల తిరక్కుండానే అద్దాల నిండా గోధుమరంగు పాచి పట్టేసింది. దుకాణానికి పరిగెత్తాను. "సక్కర్ ఫిష్ ఒకటి పట్టుకెళ్ళు తమ్ముడూ, అద్దం తళతళలాడిపోద్ది" అన్నాడాయన. రెండంగుళాల పిల్ల. అద్దానికి మూతి అంటించుకుని భలే ముద్దుగా ఉంది. తెచ్చేశాను.

మొదటి రీళ్ళలో బాగానే నటించింది. అసలు కథంతా ఇంటర్వెల్ తర్వాతే! ఏడాదికల్లా జానెడయింది. పాచి మీద మోజు తీరిపోయి, రాత్రిళ్ళు అమెజాన్ స్వోర్డ్ ఆకుల్ని గీకి జల్లెడ చేసేది. తోక ఒక్కసారి విదిలిస్తే మొక్కలు వేళ్ళతో సహా పైకి తేలేవి. తర్వాత తెలిసింది, ఈ జాతి అడుగున్నర దాకా పెరుగుతుందని! తప్పు చేపది కాదు, ఆ వేషం ఇచ్చిన నాది.

అందుకే చెబుతున్నాను. ముందు పాచి ఏ రకమో చూడండి, తర్వాతే చేపని ఎంచుకోండి.

గోధుమ పాచికీ, ఆకుల మీది మెత్తని పచ్చ పాచికీ ఒట్టోసింక్లస్‌ని మించింది లేదు. రెండంగుళాలు మించదు, మొక్కల జోలికి పోదు. కానీ ఒంటరిగా బతకలేదు, కనీసం అరడజను ఉండాలి. కొత్త తొట్టెలో వేస్తే ఆకలితో చస్తాయి. రెండు మూడు నెలలు ఆగి వేయండి. పాచి అయిపోతే ఉడికించిన కీరదోస ముక్క వేయండి.

నల్లటి కుచ్చుల పాచి పట్టిందా? సియామీస్ ఆల్గే ఈటర్‌ని పిలవండి. ఆరంగుళాలు పెరుగుతుంది కనుక నాలుగడుగుల తొట్టె కావాలి. దీనికి డూపులున్నాయి, జాగ్రత్త! అసలుదానికి నల్లచార తోక చివరిదాకా సాగుతుంది. చైనీస్ ఆల్గే ఈటర్ మాత్రం చిన్నప్పుడే బుద్ధిమంతుడు. పెద్దయ్యాక పక్కా విలన్, తోటి చేపల ఒంటికే అతుక్కుంటుంది.

ఇక నీళ్ళే పచ్చబడితే ఏ చేపా ఏమీ చేయలేదు. లైటు ఆరేడు గంటలకి తగ్గించండి, మేత తగ్గించండి, వారం వారం కొంత నీరు మార్చండి.

ఇంతకీ నా హీరో ఏమయ్యాడంటారా? "చెరువులో వదిలెయ్యరా, పీడా పోతుంది" అన్నాడు బాబాయి. చెయ్యి రాలేదు. అలా వదిలేసిన చేపలే మన చెరువుల్లో, కాలవల్లో పెరిగి, ఒంటిమీది ముళ్ళతో వలలు చింపేస్తున్నాయి. మన జాలర్లు వాటిని దెయ్యం చేపలంటున్నారు. మూడు వారాలు తిరిగి, ఆరడుగుల తొట్టె ఉన్న ఒకాయన్ని పట్టుకుని అప్పగించాను.

ఇప్పుడు నా తొట్టెలో ఆరు ఒట్టోలు. స్టార్ వేల్యూ లేదు, ఫైట్లూ లేవు. కానీ మొక్కలు పచ్చగా ఉన్నాయి!