బక్కపలచని ఆటగాడు – పాడి రైతు ఇల్లు



ఈ పేజీలో నేను సాధారణంగా పుస్తకాల తనిఖీ గురించి, బోనస్ పంపిణీ గురించి వ్రాస్తుంటాను. ఈసారి మన ఇళ్ళలో ఎదుగుతున్న పిల్లల గురించి, అందులోనూ ఆటల్లో పేరు తెచ్చుకుంటూ ఒంటికి కండ పట్టని పిల్లల గురించి నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చింది. కారణం మనవి చేస్తాను.

కిందటి సంవత్సరం గురజాల ప్రాంతంలో ఒక సంఘం తనిఖీకి వెళ్ళాను. పాల రాబడి రిజిష్టరు చూస్తుంటే ఒక సభ్యురాలి ఖాతా ముచ్చటగా కనిపించింది. రెండు గేదెలు. పూటకు మూడు లీటర్లకు తగ్గకుండా, ఒక్క పూట కూడా మానకుండా పోసింది. "ఇలాంటి సభ్యులుండాలి" అని కార్యదర్శితో అన్నాను. ఇంతలో ఆమె కొడుకు క్యాను పట్టుకుని వచ్చాడు. పదహారేళ్ళవాడు, ఇంటర్ మొదటి సంవత్సరం. కబడ్డీలో కూతకు వెళితే చేతికి చిక్కడట. కాని ఒక్కసారి పట్టు దొరికితే మాత్రం విడిపించుకోలేడట. మనిషి గాలికి ఊగే జొన్నదంటులా వున్నాడు. దాణా బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టి చూశాం. ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు, బరువు 48 కిలోలు.

"పొద్దున్నే పాలు తాగుతావా బాబూ?" అని అడిగాను.

"లేదు సార్, టీ తాగి గ్రౌండుకు పోతాను" అన్నాడు.

తరువాత వాళ్ళ అమ్మను అడిగితే, "చుక్క మిగల్చకుండా సంఘానికే పోస్తున్నాం సారూ. వాడి బలానికని డబ్బా పొడి కొన్నాం" అంది. ఆ డబ్బా వెల ఆమె వారం రోజుల పాల బిల్లంత వుంది. డబ్బా మీద 'వే ప్రొటీన్' అని వ్రాసి వుంది. అంటే పాలు విరిగినప్పుడు వచ్చే తేటలోని మాంసకృత్తే. ఇంట్లో పాలు అమ్మి, ఆ డబ్బుతో పాల తేట పొడిని కొనుక్కున్నారన్నమాట!

నాకు నవ్వు రాలేదు, సిగ్గు వేసింది. ఇన్నేళ్ళ నౌకరీలో "చివరి చుక్క దాకా సంఘానికే పోయండి" అని మహాసభల్లో చెప్పినవాణ్ణి నేనే. మనం సంఘానికి పోసేవి మిగులు పాలు. ఇంటి అవసరం తీరిన తరువాతనే మిగులు అనే మాట వస్తుంది. ఈ సంగతి నేను చెప్పడం మరచిపోయాను.

గేదె లెక్కే పిల్లవాడికీ

పాడి రైతుకు తెలియని విషయం కాదిది. గేదెకు శరీర పోషణకు కొంత మేత, దాణా కావాలి. పాలిచ్చేటప్పుడు ప్రతి రెండు లీటర్లకు ఒక కిలో వంతున దాణా అదనంగా పెడతాం. చూడితో వుంటే దూడ కోసం మరికొంత పెడతాం. ఇందులో ఏది తగ్గించినా గేదె తన ఒంట్లోని కండను కరిగించుకుంటుంది. డొక్కలు బయటపడతాయి.

ఆటలాడే పిల్లవాడికీ మూడు పద్దులున్నాయి. ఒకటి ఒంటి పోషణ, రెండు ఎదుగుదల, మూడు ఆట. పదహారేళ్ళ వయసులో ముందు ఎత్తు పెరుగుతుంది, కండ తరువాత వస్తుంది. కాబట్టి ఆ వయసులో సన్నగా వుండటం దానంతట అదే జబ్బు కాదు. తల్లిదండ్రులది సన్నని వాటమైతే పిల్లలదీ అంతే కావచ్చు. కాని రోజూ రెండు గంటలు పరుగెత్తి, ఆ ఖర్చుకు తగిన తిండి తినకపోతే, ఎదుగుదలకు పోవలసింది ఆటకు పోతుంది.

1918లో కూనూరులో పుట్టి, తరువాత హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం 16 – 18 సంవత్సరాల మగపిల్లలకు రోజుకు 3,320 కాలరీలు, సుమారు 55 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఆడపిల్లలకు 2,500 కాలరీలు, సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. క్రీడాకారులైతే ప్రతి కిలో బరువుకు 1.2 నుంచి 2 గ్రాముల దాకా మాంసకృత్తులు తీసుకోవాలని క్రీడా పోషణ నిపుణులు చెబుతారు. మన 48 కిలోల కుర్రవాడికి తక్కువలో తక్కువ 58 గ్రాములు.

పావులీటరు లెక్క

బరువు పెరగాలంటే రోజూ తినేదాని మీద 300 నుంచి 500 కాలరీలు అదనంగా తింటే చాలు. ఒక్కసారిగా గంపెడు పెట్టకూడదు. దాణా ఒక్కరోజులో రెట్టింపు చేస్తే గేదెకు అజీర్తి చేసినట్లే, పిల్లవాడి కడుపూ చెడుతుంది.

పావులీటరు గేదె పాలలో సుమారు 275 కాలరీలు, 9 – 10 గ్రాముల మాంసకృత్తులు వుంటాయి. ఒక గుప్పెడు, అంటే 30 గ్రాముల వేరుశనగ పప్పులో సుమారు 170 కాలరీలు, 7 గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు వుంటాయి. ఈ రెండూ కలిస్తే 445 కాలరీలు. మొదటి రెండు వారాలకు ఇది చాలు. ఈ రెండింటిలో ఏదీ బజారు నుంచి తేనక్కరలేదు.

మా కుర్రవాడికి వేసి యిచ్చిన క్రమం ఇది:

తెల్లవారుజామున గ్రౌండుకు వెళ్ళేముందు ఒక అరటిపండు. ఉత్త టీతో పరుగుకు పోకూడదు.

ఆట అయిన వెంటనే కాచిన పాలు పావులీటరు, కొంచెం బెల్లం వేసి.

ఉదయం జొన్నరొట్టె గాని, ఇడ్లీ గాని, వాటితో గట్టి పప్పు లేక గుడ్డు. శ్రీనాథుడు తన చాటువుల్లో పల్నాటి జొన్నకూడును ఎత్తిపొడిచాడు గాని, వంద గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులున్నాయి. వాటికి పప్పు తోడైతే ఒకదాని కొరత మరొకటి తీరుస్తుంది.

మధ్యాహ్నం అన్నం, పప్పు, ఆకుకూర, గడ్డ పెరుగు. పలుచని మజ్జిగతో కడుపు నింపి లేవకూడదు. టీ భోజనంతో పాటు తాగకూడదు. అన్నంలోని ఇనుము ఒంటికి పట్టనివ్వదు.

సాయంత్రం ఆటకు గంట ముందు బెల్లంతో చేసిన వేరుశనగ ఉండ.

రాత్రి మామూలు భోజనం. తినే ఇంట్లో గుడ్డు, చేప, కోడికూర వీలును బట్టి.

రెండు వారాల తరువాత కాటా ముల్లు కదలకపోతే పడుకోబోయే ముందు మరో పావులీటరు పాలు కలపాలి. పాలు పడనివారికి పెరుగు సులభంగా అరుగుతుంది.

తూకం ఒక్కటే చాలదు

మనం పాలకు తూకం చూసి మాత్రమే ధర కట్టం. వెన్న శాతం చూస్తాం, ఎస్.ఎన్.ఎఫ్. చూస్తాం. నీళ్ళు కలిపితే పాల తూకమూ పెరుగుతుంది మరి! పిల్లవాడి బరువూ అంతే. నూనె పిండివంటలు, కూల్ డ్రింకులు పెట్టినా బరువు పెరుగుతుంది, కాని అది కొవ్వు. పరుగుకు అడ్డం. కండగా మారాలంటే తిండితో పాటు బలానికి తగిన వ్యాయామం కావాలి. డ్రిల్లు మాష్టారి పర్యవేక్షణలో వారానికి రెండు మూడు రోజులు దండీలు, బస్కీలు, తరువాత క్రమంగా బరువులు. వారంలో ఒక రోజు పూర్తి విశ్రాంతి. రాత్రి ఎనిమిది గంటలకు తక్కువ కాని నిద్ర. సెల్ ఫోను చూస్తూ పన్నెండింటి దాకా మేలుకుంటే తిన్నది కండగా మారదు.

వారానికి ఒకసారి, అదే రోజున, పరగడుపున, అదే కాటా మీద తూచి పుస్తకంలో వ్రాయాలి. వారానికి పావుకిలో పెరిగితే బాగున్నట్లే. అరకిలోకు మించి పెరుగుతుంటే కొవ్వు చేరుతున్నదని అనుమానించాలి.

ఓపికతో ఏమి సాధించవచ్చునో మన తెలుగు ఆడపడుచే చూపింది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట వారు కరణం మల్లీశ్వరి. చిన్నతనంలో సన్నగా, బలహీనంగా వున్నదని శిక్షకుడు మొదట బరువులెత్తడానికి ఒప్పుకోలేదని ఆమే చెప్పుకున్నారు. 1994, 1995 ప్రపంచ పోటీల్లో 54 కిలోల తరగతిలో స్వర్ణం గెలిచారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటికి 69 కిలోల తరగతికి మారి, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారత మహిళ ఆమె. ఆ తరగతి తేడా నెలలో వచ్చింది కాదు, ఏళ్ళ సాధనతో వచ్చింది. ఇంట్లో పాలు, గుడ్డు కొడుక్కు పెట్టి కూతురికి టీ పోసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చేయరానివి

గుమ్మపాలు బలమని పొదుగు కింద గ్లాసు పట్టేవారున్నారు. పచ్చిపాల ద్వారా బ్రూసెల్లోసిస్, క్షయ వంటి జబ్బులు రావచ్చు. కాచకుండా తాగరాదు. పచ్చిగుడ్డు కూడా తగదు.

నెలలో పది కిలోలు పెంచుతామనే పొడులు, సూదిమందులు ముట్టరాదు. కొన్నింటిలో చీటీ మీద వ్రాయని మందులు కలుస్తాయి. ఎదిగే వయసులో వాటి కీడు చాలా పెద్దది. పోటీల్లో పరీక్ష చేస్తే పిల్లవాడి ఆటకే ముప్పు.

తిన్నది పట్టకపోవడానికి నులిపురుగులూ కారణం కావచ్చు. ఫిబ్రవరి 10, ఆగష్టు 10 తేదీల జాతీయ నులిపురుగుల నిర్మూలన దినాల్లో 19 ఏళ్ళలోపు వారికి ఇచ్చే మాత్రను మానకూడదు. బాగా తింటున్నా బరువు తగ్గుతున్నా, రెండు వారాలకు మించి దగ్గు వున్నా, అతిదాహం, అతిమూత్రం వున్నా, ఆడపిల్లకు మూడు నెలలు బహిష్టు ఆగినా, తిండి ప్రయోగాలు ఆపి వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించాలి.

చివరి మాట

అయిదు నెలల తరువాత ఆ సంఘానికి మళ్ళీ వెళ్ళాను. కుర్రవాడు తనంతట తనే కాటా ఎక్కాడు. 52 కిలోల 500 గ్రాములు. "ఇప్పుడు పట్టు దొరికినా ఈడ్చుకొచ్చి గీత తాకుతున్నాను సార్" అన్నాడు. వాళ్ళ అమ్మ ఖాతాలో పూటకు పావులీటరు చొప్పున తగ్గింది. కార్యదర్శి ఆ సంగతే సంకోచంగా చెప్పాడు. "అది లోటు కాదు, అదీ రాబడే" అన్నాను.

కార్యదర్శులకు నా మనవి. పిల్లలున్న ఇంటి సభ్యులు పావులీటరు, అరలీటరు తగ్గించి పోస్తే నిలదీయవద్దు. రాబోయే మహాసభలో ఈ విషయం ఒక అంశంగా చేర్చి అందరికీ చెప్పండి. ఇంటి పిల్లలకు వుంచుకున్న పాలను నా తనిఖీ నివేదికలో ఇకమీదట లోటుగా వ్రాయనని సభ్యులందరికీ తెలియజేస్తున్నాను.