‘మాటలు అవే వస్తయ్ తీ’ అనే ముందు చెవులు చూపించారా?

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఓ వీడియో పడుతుంది. ఏడాదిన్నర పాప ‘తాతా దా.. బువ్వ తిందాం’ అంటుంటుంది. కింద వరసగా హార్ట్ ఎమోజీలు. అదే గ్రూపులో అదే వయసు బాబున్న తల్లి ఒకామె ఉంటుంది. ఆమె ఆ వీడియోను రెండుసార్లు చూస్తుంది, ఎమోజీ మాత్రం పెట్టదు. సాయంత్రానికి అత్తగారి ఫోను: ‘ఏందమ్మా, వీడింకా మాట్లాడ్తలేడా?’

మా బాన్సువాడలో ఈ ప్రశ్నకు ఎప్పుడూ రెండు జవాబులు రెడీగా ఉంటాయి. ‘ఏం గాదు, వాళ్ల నాయిన గూడ మూడేండ్లకే మాట్లాడిండు’ అనేది మొదటిది. ‘పక్కింటి పిల్లను చూడు, పద్యాలు చెప్తుంది’ అనేది రెండోది. మొదటి జవాబు విన్నవాళ్లు ఏడాదిపాటు ఏ డాక్టర్ దగ్గరికీ వెళ్లరు. రెండోది విన్నవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు. పిల్లాడికి అసలు చూడాల్సిందేమిటో రెండింట్లోనూ లేదు.

ముందు ఆ ‘పక్కింటి పిల్ల’ సంగతి చూద్దాం. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు యావరేజ్ అంటే కొంచెం అనుమానం. సర్వర్ సగటు స్పీడ్ చూసి సంబరపడితే, చివరి పదిశాతం యూజర్ల తిట్లు తప్పవు. పిల్లల మాటలూ అంతే, సగటు చూస్తే అసలు సంగతి కనపడదు. అమెరికాలో లారీ ఫెన్సన్ బృందం 1,800 మందికి పైగా పిల్లల తల్లిదండ్రులకు పదాల జాబితాలిచ్చి, ఎవరికి ఎన్ని వచ్చో టిక్ పెట్టించింది. 1994లో ఆ ఫలితాలు వచ్చాయి. రెండేళ్ల వయసులో మధ్యలో ఉన్న పిల్లలు దాదాపు 300 మాటలు అంటున్నారు. ముందున్న పదిశాతం 500 దాటేశారు. వెనకున్న పదిశాతం వంద కూడా దాటలేదు. ఒకే వయసు, ఆరోగ్యంగానే ఉన్న పిల్లలు, ఐదు రెట్ల తేడా! ఎత్తులోనో బరువులోనో ఇంత తేడా ఎక్కడా చూడం. కాబట్టి ఆ వీడియోలోని పాపతో మీ బాబును పోల్చడం వల్ల తెలిసేది చాలా తక్కువ.

మరి ‘ఇంత వయసుకు ఇన్ని మాటలు’ అని నెట్‌లో కనిపించే చార్టులు? వాటిలోనూ ఓ మెలిక ఉంది. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పాత చార్టు, సగం మంది పిల్లలు చేయగలిగే పనులను బట్టి రాసింది. అంటే మిగతా సగం మంది పుట్టుకతోనే ‘లేటు’! 2022లో దాన్ని మార్చారు. ఇప్పుడు నూటికి 75 మందైనా చేసేదే రాస్తున్నారు. దాని ప్రకారం ఏడాదిన్నరకు అమ్మ, నాన్న కాకుండా కనీసం మూడు మాటలు, రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనడం, రెండున్నరేళ్లకు దాదాపు 50 మాటలు రావాలి. ఇవి రాకపోతే డాక్టర్‌తో మాట్లాడమని అర్థం. అంతేగానీ ఇది రిపోర్ట్ కార్డు కాదు.

ఈ లెక్క మన భాషలో ఎలా వేయాలన్నది ఇంకో సరదా సమస్య. బాబు ‘బువ్వొద్దు’ అన్నాడనుకోండి. అది ఒక మాటా, రెండా? ‘బువ్వ’ విడిగా, ‘వద్దు’ విడిగా ఇంకోచోట వాడుతుంటే రెండు కలిపినట్టే. ‘తిన్నా’ అన్నాడనుకోండి. ఇంగ్లిష్ పిల్లాడు ‘ఐ ఏట్’ అని రెండు ముక్కలుగా చెప్పేదాన్ని మనవాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. తిన్నది ఎవరో కూడా మన క్రియ తోకలోనే ఉంటుంది మరి. లాల, జోజో, జేజే, బౌబౌ కూడా మాటలే. ‘రా’ని ‘లా’ అన్నా మాటే. స్పష్టంగా పలకాలన్న రూలేం లేదు. ప్రతిసారీ అదే వస్తువుకు అదే శబ్దం వాడితే చాలు.

దీనికి మంచి సాక్ష్యం ఎంఐటీలో ఉంది. డెబ్ రాయ్ అనే ప్రొఫెసర్ తన కొడుకు పుట్టినప్పుడు ఇల్లంతా 11 కెమెరాలు, 14 మైకులు పెట్టి, దాదాపు మూడేళ్లు రికార్డు చేశారు. 90 వేల గంటల వీడియో! (మా టీమ్‌లో ఎవరైనా ఆ స్టోరేజ్ బిల్లు చూస్తే స్పృహ తప్పుతారు.) ఆ పిల్లాడు నీళ్లను మొదట ‘గాగా’ అనేవాడు. అది నెలల తరబడి మెల్లమెల్లగా ‘వాటర్’ అయింది. నాకు బాగా నచ్చింది ఇంకో సంగతి. ఏదైనా మాట పిల్లాడికి వచ్చే సమయం దగ్గరపడే కొద్దీ అమ్మ, నాన్న, ఆయా ముగ్గురూ తెలియకుండానే ఆ మాటను చిన్న చిన్న వాక్యాల్లో వాడారు. అది వచ్చేశాక మళ్లీ పొడుగు వాక్యాల్లోకి వెళ్లిపోయారు. మన ఇళ్లలో నాయనమ్మలు చేసేదీ ఇదే, కెమెరాలే లేవు.

ఇక మొదటి జవాబు, ‘అవే వస్తయ్’. ఇందులో సగం నిజం ఉంది. రెండేళ్ల పిల్లల్లో నూటికి పది, పదిహేను మంది లేటుగానే మాట్లాడతారు. వాళ్లలో సగానికి పైగా బడికి వెళ్లేలోపు మిగతావాళ్లను అందుకుంటారు. మగపిల్లలు కాస్త వెనక ఉంటారన్నదీ నిజమే. కానీ ఆ తేడా నెలల్లో ఉంటుంది, ఏళ్లలో కాదు. ‘మగపిల్లగాడు గదా’ అని మూడేళ్లు ఆగడానికి అది సరిపోదు.

అందుకునే పిల్లలెవరో, అందుకోలేని వాళ్లెవరో ఎలా తెలుస్తుంది? పూర్తిగా చెప్పగలిగే పద్ధతి లేదు. కానీ నోటికంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి. ‘చెప్పులు తే’ అంటే తెస్తాడా? పిలిస్తే తిరుగుతాడా? కావాల్సినదాన్ని వేలు పెట్టి చూపిస్తాడా? కుక్క కనిపిస్తే దాన్ని చూసి, మళ్లీ మీ మొహం చూస్తాడా? టాటా చెప్తాడా? ఇవన్నీ ఉండి మాటలు మాత్రం తక్కువైతే కొంత నిబ్బరంగా ఉండొచ్చు. ఏడాదిన్నరకు వేలు పెట్టి చూపించకపోతే, అర్థం చేసుకుంటున్నట్టు అనిపించకపోతే ఆగకూడదు. వచ్చిన మాటలు పోతే అసలే ఆగకూడదు, ఏ వయసైనా సరే.

అన్నింటికంటే ముందు చెవులు. మాట అనేది విని నేర్చుకునేది కాబట్టి, వినికిడి లోపం ఉన్న పిల్లాడి విషయంలో ఎదురుచూపు అంటే ఏమీ వినపడని నెలలు గడిచిపోవడమే. పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా ఇలాంటి పిల్లలుంటారని అంచనా. మేనరికం పెళ్లిళ్లలో ఈ ముప్పు ఎక్కువ. మన దగ్గర మేనరికాలు తక్కువేం కాదు. పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు లోపం తేల్చడం, ఆరు నెలల్లోపు వైద్యం మొదలుపెట్టడం.. డాక్టర్లు పాటించమనే లెక్క ఇది. మనం మూడేళ్లకు మొదలుపెడదామంటున్నాం.

‘మావాడికి వినపడుతుంది, పళ్లెం కింద పడితే ఉలిక్కిపడ్డడు’ అంటారు. పళ్లెం చప్పుడు పరీక్ష కాదు. నేల అదిరినా పిల్లలు తిరుగుతారు, మీ నీడ కదిలినా తిరుగుతారు. పెద్ద చప్పుళ్లు వినపడి, ‘స’, ‘త’ లాంటి సన్నని శబ్దాలు వినపడని లోపాలు కూడా ఉంటాయి. జలుబుతో చెవి లోపల నీరు చేరి, కొన్నాళ్లు సరిగా వినపడకపోవడం కూడా మామూలే. వినపడని పసిపిల్లలు కూడా మొదటి నెలల్లో ‘ఉంగా’ అంటారు. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. ఓఏఈ, బెరా అనే పరీక్షలుంటాయి. నొప్పి ఉండదు, నిద్రపోతున్న పిల్లాడికి కూడా చేస్తారు.

మాట రావడానికి మనవాళ్లు మొదట తెచ్చేది మాత్రం వసకొమ్ము. కాల్చి, అరగదీసి, తేనెలోనో పాలలోనో రంగరించి నాలుకకు రాస్తారు. వాగుడుకాయల్ని ‘వసపిట్ట’ అనేదీ దాన్నిబట్టే. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. దాని హాని వల్లే 1968లో అమెరికా వసను ఆహారంలో నిషేధించింది. ఏడాది లోపు పిల్లలకు తేనె కూడా పెట్టకూడదు. పెద్దవాళ్ల మీద గౌరవంతోనే ‘వద్దమ్మా’ అనొచ్చు. ‘నాలుక కింద దారం కోయిస్తే మాటలొస్తయ్’ అనే సలహా కూడా వస్తుంది. ఆ దారం వల్ల కొన్ని అక్షరాలు పలకడం కష్టం కావచ్చు, పాలు తాగడం కష్టం కావచ్చు. మాటలే రాకపోవడానికి అది కారణమని చెప్పే ఆధారం లేదు.

మా ఊరికి ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఒక గల్లీలో తెలుగు, పక్క గల్లీలో ఉర్దూ, తండాల్లో గోర్ బోలీ, కొంచెం పైకి వెళ్తే మరాఠీ. ‘రెండు భాషలు గలిపితే పిల్లడు పరేషాన్ అయితడు, ఒక్కటే మాట్లాడుండ్రి’ అని చదువుకున్నవాళ్లు కూడా చెప్తుంటారు. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదని పరిశోధనలన్నీ చెప్తున్నాయి. లెక్క వేసేటప్పుడు మాత్రం రెండూ కలపాలి. ‘నీళ్లు’, ‘పానీ’ రెండూ అంటే రెండు మాటలు. ఇంటి భాష మానేసి, తమకే సరిగా రాని ఇంగ్లిష్‌లో ‘కమ్, సిట్, ఈట్’ అని పిల్లలతో మాట్లాడే తల్లిదండ్రుల్ని చూస్తే నాకు బాధేస్తుంది. మూడు ఆర్డర్లతో ముచ్చట ఎలా నడుస్తుంది?

ఫోన్ గురించి అందరూ చెప్పేదే కాబట్టి టూకీగా. రెండేళ్ల లోపు స్క్రీన్ వద్దంటారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపునిచ్చింది. దుబాయిలోనో మస్కట్‌లోనో నాన్నలున్న మన జిల్లా ఇళ్లకు ఇది మంచి వార్త. ఎందుకంటే నాన్న అడిగితే పిల్లాడు నవ్వుతాడు, ఆ నవ్వుకు నాన్న మళ్లీ ఏదో అంటాడు. కార్టూన్ పాప పిల్లాడి జవాబు కోసం ఆగదు. చందమామను చూపిస్తూ బువ్వ పెట్టడం గుర్తుందా? అమ్మ వేలు, పిల్లాడి చూపు, ఇద్దరి మధ్య ఒక మాట. స్పీచ్ థెరపిస్టులు ఇప్పుడు ఫీజు తీసుకుని తల్లులకు నేర్పించేది చాలావరకు ఇదే.

ఎక్కడికి వెళ్లాలి? అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు చూసే ప్రభుత్వ కార్యక్రమం ఉంది, పేరు ఆర్‌బీఎస్‌కే, 2013లో మొదలైంది. ఎదుగుదలలో ఆలస్యాలు కూడా వాళ్లు చూడాల్సిన జాబితాలో ఉన్నాయి. ఆ వ్యాన్ వచ్చినరోజు పిల్లాడిని ఇంట్లో ఉంచేయకుండా తీసుకెళ్లి, మాట సంగతి మీరే అడగండి. లేదంటే నేరుగా పిల్లల డాక్టర్ దగ్గరికెళ్లి, వినికిడి పరీక్ష రాయించుకోండి. హైదరాబాద్ దాకా వెళ్లాల్సివస్తే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి, మాట సమస్యల కోసమే కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది. లోపం ఎక్కువగా ఉంటే కాక్లియర్ ఇంప్లాంట్ ఆరోగ్యశ్రీలో ఉంది, కానీ దానికి వయసు షరతులుంటాయి. ఆలస్యం ఖరీదు అక్కడ తెలుస్తుంది.

వెళ్లేటప్పుడు ఇంట్లో ఆడుకుంటుండగా తీసిన రెండు నిమిషాల వీడియో ఫోన్‌లో పెట్టుకోండి. ఆసుపత్రిలో పిల్లలు ఎలాగూ నోరు విప్పరు. నోట్స్ యాప్‌లో వాడనే ప్రతి మాటా, అన్ని భాషలవీ, బౌబౌతో సహా రాసి పెట్టండి. ఆ జాబితా నాయనమ్మతో కలిసి రాస్తే, మీరు ఆఫీసులో ఉన్నప్పుడు వాడనే మాటలు నాలుగైదు అదనంగా దొరుకుతాయి.