చెయ్యి పట్టుకొని తీసికెళ్ళే వారేరీ?

సికింద్రాబాదు స్టేషను బయట రోజూ బస్సు కోసం నిలబడేవారికి వొక ఉద్యోగం ఉచితంగా దొరుకుతుంది. వచ్చిన ప్రతి బస్సు నెంబరూ యెవరో వొకరికి చదివి చెప్పాలి. ఈ ఉద్యోగం నేను చాలాకాలంగా చేస్తున్నాను. కిందటి యేడు చలికాలంలో వొకనాటి ఉదయం, జనగామ వైపునించి వచ్చిన రైలు దిగి, అరవై దాటిన వొక పల్లెటూరి ఆవిడ నా పక్కన చేరింది.

"బిడ్డా, గిది మెహిదీపట్నం పోతదా?"

ఆవిడ చూపిస్తున్నది బస్సు కాదు, నీళ్ళ టాంకరు!

చేతిలో నలిగిన చీటీ వుంది. సరోజినీదేవి కంటి ఆసుపత్రి పేరు రాసి వుంది. ఊళ్ళో ఆశా కార్యకర్త రాసిచ్చిందట. నాకూ అటువైపే పని. 49ఎమ్ బస్సు రాగానే ఆమెను ఎక్కించి పక్కనే కూర్చున్నాను. ఇద్దరికీ టిక్కెట్టు ఖర్చు లేదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణాలో సిటీ బస్సులూ, పల్లెవెలుగూ, ఎక్స్‌ప్రెస్సూ ఆడవాళ్ళకు ఉచితమే కదా!

"ఎన్నాళ్ళయింది పెద్దమ్మా, కళ్ళు యిలా అయి?"

"మూడేండ్లు."

"మరి యిన్నాళ్ళూ యెందుకు రాలేదు?"

"ఒక యేడు పత్తి ఏరుడు. ఒక యేడు బిడ్డ కాన్పు. పోయినేడు మా యింటాయన కండ్లు చేపిచ్చినం."

"ఆయన వెంట యెవరు వచ్చారు?"

ఆమె నవ్వింది. "ఎవలొస్తరు? నేనే వచ్చిన. సద్ది గట్టుకొని మూడొద్దులున్న."

"మరి యిప్పుడు నీ వెంట?"

"ఆయనకు పట్నం తెల్వదు. కొడుకు వస్తే కూలి వోతది."

ఆ తర్వాత బస్సు యెక్కడెక్కడ ఆగిందో నాకు గుర్తులేదు.

ఆమెకు వచ్చినది శుక్లం. మన దేశంలో యాభై దాటినవారి అంధత్వానికి దాదాపు మూడింట రెండు వంతులు అదే కారణమని 2015-19 జాతీయ సర్వే తేల్చింది. కంటిలోని సహజమైన కటకం పాలగాజులా మసకబారుతుంది. దాన్ని తీసి చిన్న కృత్రిమ కటకం అమర్చడానికి అనుభవమున్న డాక్టరుకు పదిహేను నిమిషాలు చాలు. మన తాతలకాలంలో ఆపరేషను తర్వాత సోడాబుడ్డి కళ్ళద్దాలు తప్పేవి కావు. కృత్రిమ కటకం వచ్చినా మొదట్లో అది విదేశీ సరుకు, బీదలకు అందని ధర. మదురైలో అరవింద్ ఆసుపత్రివారు 1992లో స్వయంగా తయారీ మొదలుపెట్టాక ఆ ధర దిగింది. ప్రభుత్వాసుపత్రుల్లో బీదలకు ఆపరేషను ఉచితం. బస్సూ ఉచితం. వెంట వచ్చే మనిషి మాత్రం యే పథకంలోనూ లేడు.

ప్రపంచం మొత్తంమీద 2020లో 4 కోట్ల 30 లక్షలమందికి చూపు లేదని అంచనా. వారిలో నూటికి 55 మంది ఆడవాళ్ళే. ఆడవాళ్ళు యెక్కువకాలం బతుకుతారు కనుక అంటారు. అది కొంత నిజం. మిగతా నిజం నాకు ఆ బస్సులో తెలిసింది. ఆపరేషను అయ్యాక కొన్ని వారాలు చుక్కల మందు వెయ్యాలి, పొయ్యి పొగకు దూరంగా వుండాలి. మగవాడికి ఆ వారాలు విశ్రాంతి. ఆడదానికి ఆ వారాలు వంట యెవరు చేస్తారన్న ప్రశ్న.

పల్లెటూరి మాటే యెందుకు? మారేడుపల్లిలో మా యింటికి ఫర్లాంగు దూరంలో కంటి ఆసుపత్రి వుంది. మా అమ్మ బియ్యంలో రాళ్ళు వేళ్ళతో తడిమి యేరుతూంటే రెండేళ్ళపాటు అది పనితనమనుకొన్నాం! సూదిలో దారం యెక్కించమని మనవణ్ణి పిలిస్తే ముద్దు అనుకొన్నాం. ఆమె చెప్పలేదు, మేము అడగలేదు.

వైద్యం గడపకు దగ్గరైతే తోడు అవసరం తగ్గుతుంది. చిత్రనిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన విరాళంతో 1987లో హైదరాబాదులో వెలసిన కంటి సంస్థ ఆ దారి పట్టింది. 1996లో అప్పటి ఆదిలాబాదు జిల్లా ముధోల్‌లో పల్లెజనానికి ఆసుపత్రి పెట్టింది. తర్వాత సుమారు 50 వేల జనాభాకు వొక చిన్న నేత్రకేంద్రం చొప్పున పెట్టుకుంటూ వచ్చింది. అద్దాలతో తీరే జబ్బు అక్కడే తీరుతుంది, పట్నం రానక్కరలేదు. 2018 ఆగస్టు 15న మొదలైన కంటివెలుగులో తెలంగాణా ప్రభుత్వం పరీక్షను ఊరూరికీ తీసికెళ్ళింది. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్ష చేశారు. దగ్గరచూపు అద్దాలు అక్కడికక్కడే చేతికిచ్చారు. ఆపరేషనుకు మాత్రం మళ్ళీ ప్రయాణం తప్పదు. నన్నడిగితే, పదిమంది ఆడవాళ్ళను వొకే బండిలో తీసికెళ్ళి, వొకే బండిలో దింపాలి. గుంపుగా వెళ్ళే ఆడవాళ్ళను యింట్లో ఆపేవారు తక్కువ, వారిలో వారే వొకరికొకరు తోడు.

ఆ రోజు పెద్దమ్మకు పరీక్షలు చేసి తేదీ యిచ్చారు. నా ఫోను నెంబరు ఆ చీటీ వెనక రాసిచ్చాను. చెప్పిన రోజుకు కొడుకు రాలేదు, పక్కింటి కోడలు వచ్చింది. వొక కన్ను అయింది.

రెండో కంటికి వేసవిలో వచ్చింది. స్టేషను బయట నన్ను ముందు ఆమే చూసి కేకేసింది. కొంగు పట్టుకొని వెనకాల మరో యిద్దరు ముసలమ్మలు. "మా ఊరోళ్ళే. ఈళ్ళకు ఎవ్వలు లేరు, నేనే తోల్కవచ్చిన" అంది. ఇంతలో 49ఎమ్ వచ్చింది. చదువు రాకపోయినా ఆ అంకెల ఆకారం గుర్తుపెట్టుకొన్నట్లుంది, నన్ను అడగకుండానే యిద్దరినీ ముందుకు తోస్తూ యెక్కేసింది.